ఏనుగులు తిరిగే ఊళ్లో ప్రాణాలు, పంట కాపాడుకోవడం ఎలా

చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం, బంగారుపాళెం వైపు పొలం ఉన్నవాళ్లకూ, పార్వతీపురం మన్యం జిల్లాలో కురుపాం, కొమరాడ, గరుగుబిల్లి వైపు ఉన్నవాళ్లకూ ఏనుగంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కర్లేదు. కౌండిన్య అడవుల్లోకి 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి గుంపులు వచ్చి నిలిచిపోయాయి. 1990లో ఆ అడవి అభయారణ్యమైంది. మన్యంలో తిరిగేవి ఒడిశా కొండల నుంచి దిగినవి. ఇక అవి తిరిగి వెళ్లిపోతాయని ఎదురుచూస్తూ కూర్చుంటే లాభం లేదు. ఉంటాయి అనుకునే ఏర్పాట్లు చేసుకోవాలి.

ఒక్క రైతు తన చేను చుట్టూ ఏం చేసినా ఏనుగు పక్క చేలోకి పోతుంది, అంతే. అందుకే కింద చెప్పిన పనుల్లో చాలావరకు ఊరంతా కలిసి చేయాల్సినవి. వరస కూడా ముఖ్యం: మనిషి ప్రాణం ముందు, పంట తర్వాత. కంచెకు లక్షలు పెట్టి, చీకట్లో ఒంటరిగా మోటారు వేయడానికి వెళ్లే అలవాటు మాత్రం మానని ఊళ్లున్నాయి. అది తలకిందులైన వరస.

1. వచ్చేది ఏ ఏనుగో ముందు తెలుసుకోండి

గుంపు వేరు, ఒంటరి మగ ఏనుగు వేరు. గుంపును పెద్ద వయసు ఆడ ఏనుగు నడిపిస్తుంది. పిల్లలుంటే గుంపు జాగ్రత్తగా కదులుతుంది, కానీ పిల్లకూ తల్లికీ మధ్య మనిషి పడితే ఆగదు. ఒంటరి మగది పంట మీదికి ఎక్కువ తెగించి వస్తుంది. కంచె తెంచడం నేర్చుకునేదీ చాలాసార్లు అదే. మదంలో ఉన్న మగ ఏనుగుకు కణతల పక్కన నల్లగా జిగురు కారుతుంది, వెనక కాళ్లు తడిసి ఉంటాయి, ఘాటు వాసన దూరానికే తెలుస్తుంది. అలాంటిది ఊరి దగ్గర ఉందని తెలిస్తే ఆ వారమంతా పనుల వేళలే మార్చుకోవాలి.

పొద్దున అడుగులు చూడండి. ముందు కాలి అచ్చు గుండ్రంగా, వెనక కాలిది కోలగా ఉంటుంది. ముందు కాలి అచ్చు అంచు చుట్టూ తాడు పరిచి కొలిచి, ఆ కొలతను రెండింతలు చేస్తే భుజం దగ్గర ఏనుగు ఎత్తు దాదాపుగా వస్తుంది. తాడు నాలుగున్నర అడుగులు వస్తే తొమ్మిదడుగుల ఏనుగు. ఆ ఎత్తు ఉందంటే ఎదిగిన మగదే అయి ఉంటుంది. మూడడుగులు వస్తే ఇంకా ఎదుగుతున్నది, దగ్గర్లో గుంపు ఉందని అర్థం. లద్దె లోపల వెచ్చగా, పైన మెరుస్తూ ఉంటే ఏనుగు ఎంతో దూరం పోలేదు. లద్దెలో ఏం కనిపిస్తోందో కూడా చూడండి. వరి పొట్టు, మామిడి టెంకలు, చెరకు పిప్పి కనిపిస్తే ఏ వైపు చేలలో మేసి వచ్చిందో తెలుస్తుంది.

ఊరికొక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, వేళ, అడవి నుంచి ఎక్కడ బయటికి వచ్చింది, ఏ చేలో ఏం తిన్నది, ఎటు వెనక్కి పోయింది, ఎన్ని ఉన్నాయి. ఒక పంట కాలం రాస్తే చాలు, దారులు బయటపడతాయి. ఏనుగులు వాగు వెంట, బండి బాట వెంట, చెరువు కట్ట పక్కన అవే దారుల్లో పదే పదే నడుస్తాయి. పెద్ద ఏనుగుకు రోజుకు 150 కిలోల వరకు మేత, వంద లీటర్లకు పైగా నీళ్లు కావాలి. అందుకే ఎండాకాలంలో మీ పంట కంటే మీ చెరువే దాన్ని ముందు పిలుస్తుంది. కంచె ఎక్కడ వేయాలి, కాపలా ఎక్కడ పెట్టాలి, ఏ దారి మూయకుండా వదిలేయాలి అన్నవన్నీ ఈ పుస్తకాన్ని చూసే నిర్ణయించాలి.

2. చీకట్లో ఒంటరి నడక ఆపండి

2024 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని గడ్చిరోలి వైపు నుంచి తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి ఒక్క ఏనుగు వచ్చింది. రెండు రోజుల్లో ఇద్దరు రైతులు చనిపోయారు. ఒకరు మిరప తోటలో ఉండగా, మరొకరు తెల్లవారకముందే పొలానికి మోటారు వేయడానికి వెళ్తుండగా. ఆ మోటారు నడక తెలుగు రాష్ట్రాల్లో ప్రతి రైతు చేసేదే. ఏనుగులున్న చోట దాన్ని మార్చుకోవాలి.

బోరుకు మొబైల్ స్టార్టర్ పెట్టించండి. ఇంట్లో కూర్చుని ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేయవచ్చు. నీళ్లు మళ్లించే పని పగటికి జరపండి. కరెంటు వేళలు రాత్రికి పడితే, ఏనుగులున్నన్నాళ్లు పగటి సరఫరా ఇవ్వమని ఊరంతా సంతకాలు పెట్టి విద్యుత్ శాఖను అడగండి. ఒకరిద్దరు అడిగితే పని కాదు, పంచాయతీ తీర్మానం ఉంటే బలం.

తప్పక వెళ్లాల్సి వస్తే ఇద్దరికి తక్కువ కాకుండా, పెద్ద టార్చితో, మాట్లాడుకుంటూ వెళ్లాలి. మనుషుల మాట వినబడితే ఏనుగు చాలాసార్లు తనే పక్కకు తప్పుకుంటుంది. ఎదురెదురుగా ఉలిక్కిపడినప్పుడే ప్రమాదం ఎక్కువ. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడవకండి: పక్క పొదలో కొమ్మ విరిగిన చప్పుడు వినబడాలి. తాగి నడవడం అన్నిటికంటే చెడ్డది. బహిర్భూమికి తెల్లవారుజామున చెరువు వైపు వెళ్లే అలవాటు ఉన్న ఊళ్లలో ఇంటింటి మరుగుదొడ్డి ఏనుగుల విషయంలో కూడా ప్రాణరక్షణే.

జాతరలకూ ఇదే మాట. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి అప్పట్లో అన్నమయ్య జిల్లాలో ఉన్న గుండాలకోనకు రాత్రిపూట అడవి దారిన నడిచి వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు దాడి చేసి ముగ్గురు చనిపోయారు. అడవిలో గుడికి నడిచి వెళ్లేవాళ్లు ముందుగా అటవీ సిబ్బందికి చెప్పి, వాళ్లు సరేనన్న దారిలో, పగలే వెళ్లాలి.

3. కబురు అందే ఏర్పాటు

తమిళనాడులోని వాల్పారై టీ తోటల్లో ఏనుగు ఎక్కడుందో సాయంత్రానికల్లా ఫోన్ సందేశాలతో, స్థానిక కేబుల్ టీవీలో, రోడ్డు పక్కన ఎర్ర దీపాలతో జనానికి చెప్పడం మొదలుపెట్టాక మరణాలు బాగా తగ్గాయి. అక్కడ ఏనుగులు తగ్గలేదు. ఏనుగు ఎటుందో తెలియక దానికి ఎదురుపడడం తగ్గింది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదే. కంచెకు డబ్బు లేని ఊరు కూడా రేపే మొదలుపెట్టవచ్చు.

వాట్సాప్ గ్రూపు పెట్టడం తేలిక, దాన్ని పనికొచ్చేలా ఉంచడమే కష్టం. శుభోదయాలు, పాత వీడియోలు నిండిన గ్రూపులో ఏనుగు కబురు ఎవరూ చూడరు. అందుకని గ్రూపులో ముగ్గురు నలుగురే రాయగలిగేలా పెట్టండి: ట్రాకర్ (ఏనుగుల జాడ పట్టే అటవీ మనిషి), అటవీ బీట్ ఆఫీసర్, ఊరి నుంచి ఇద్దరు. మిగిలినవాళ్లు ఏనుగును చూస్తే ఆ ఇద్దరికి ఫోన్ చేయాలి, వాళ్లు నిర్ధారించుకుని పెట్టాలి. సందేశం ఇలా ఉండాలి: "సాయంత్రం 5.40. ఒంటరి మగ ఏనుగు. పెద్ద చెరువు తూర్పు కట్ట. ఊరి వైపు కదులుతోంది. రెడ్డోళ్ల మామిడి తోట దారిలో ఎవరూ వెళ్లొద్దు." ఊళ్లో అందరికీ తెలిసిన చోటి పేర్లే వాడండి, సర్వే నంబర్లు వద్దు. రాత చదవలేనివాళ్ల కోసం అదే మాట వాయిస్‌లో కూడా పెట్టండి.

ఫోన్ లేని ముసలివాళ్లు, పొలంలో గుడిసెలో ఉండే కూలీలు, ఇతర ఊళ్ల నుంచి వచ్చిన చెరకు కొట్టే ముఠాలు, గొర్రెల కాపరులు గ్రూపులో ఉండరు. ప్రమాదం ఎక్కువ వాళ్లకే. గుడి మైకు, దండోరా వాళ్ల కోసం. బయటి కూలీల పేర్లు, ఎక్కడ పడుకుంటున్నారో ఊరి మనిషి ఒకరి దగ్గర రాసి ఉండాలి. రాత్రి ఏనుగు కబురు అందగానే వాళ్లను ఊళ్లోకి తీసుకురావాలి.

ఏనుగు వెళ్లిపోయాక "దాటిపోయింది" అని కూడా తప్పక చెప్పండి. ఆ మాట చెప్పకపోతే నాలుగు రోజులకు ఎవరూ హెచ్చరికను లెక్కచేయరు.

4. ఇంటి దగ్గర

ఏనుగుకు చూపు మందం, వాసన పట్టడం మాత్రం గొప్పది. ఇంటి గోడ కూల్చడానికి కారణం చాలాసార్లు లోపలి వాసనే: బియ్యం, ఉప్పు, బెల్లం, మగ్గిన పనస, అరటి గెలలు, సారా, ఎండబెట్టిన ఇప్పపువ్వు. ధాన్యం బస్తాలు, బెల్లం దిమ్మలు మనుషులు పడుకునే గదిలో పెట్టకండి. ఊరి నడుమ ఒక గట్టి పక్కా గది చూసుకుని అందరి గింజలూ అక్కడ పెట్టుకోవడం మేలు. అడవి అంచున ఉన్న ఇంట్లో అటు వైపు గోడకు తలపెట్టి పడుకోవద్దు. పశువుల దాణా, కుడితి తొట్టి అడవి వైపు ఉంచవద్దు. పెరట్లో పనస ఉంటే కాయలు మగ్గనివ్వకుండా ముందే కోసేయండి.

అడవి వైపు వీధి దీపాలు వెలగాలి, ఇంటి చుట్టూ పొదలు కొట్టేయాలి. రాత్రి ఆరుబయట మంచాలు ఏనుగులున్నన్నాళ్లు వద్దు.

5. పంట వేసేటప్పుడే ఆలోచించాల్సింది

చెరకు, వరి, రాగి, మొక్కజొన్న, అరటి, కొబ్బరి, పనస, మామిడి ఏనుగుకు ఇష్టం. మిరప, పసుపు, అల్లం, నిమ్మ, నువ్వులు అది పెద్దగా తినదు. తినదంటే రాదని కాదు. ఆసిఫాబాద్‌లో మనిషి చనిపోయింది మిరప తోటలోనే. దారిలో ఉంటే తొక్కుకుంటూ పోతుంది. కాబట్టి ఈ పంటలు ఏనుగును ఆపే గోడ అనుకోకండి, అడవి అంచున నష్టం తగ్గించే పంటలుగా చూడండి. అంచు పొలాల్లో ఇవి, లోపలి పొలాల్లో వరి, చెరకు ఉండేలా ఊరు మాట్లాడుకోవాలి. అడవి పక్క ఎకరంలో ఒక్కరే చెరకు వేస్తే ఆ ఒక్క తోట ఏనుగును ఊరికి అలవాటు చేస్తుంది. పొడవు చెరకులో పగలంతా దాక్కుని, అక్కడే తిని, అక్కడే ఉండిపోతుంది కూడా.

ఊరంతా ఒకే వారంలో నాట్లు వేస్తే కోత కూడా ఒకేసారి వస్తుంది, కాపలా కాయాల్సిన రాత్రులు తగ్గుతాయి. ఒకరిది ముందు, ఒకరిది వెనక అయితే ఏనుగుకు రెండు నెలల పాటు ఏదో ఒక చేలో గింజ దొరుకుతూనే ఉంటుంది. గింజ పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా గండం ఎక్కువ. కోసిన వరి కుప్పను రాత్రి పొలంలో వదలకండి. రాలిన మామిడికాయలను తోటలో కుళ్లనివ్వకండి. ఆ పులిసిన వాసన చాలా దూరం పోతుంది.

6. సోలార్ కంచె: వేయడం కంటే నిలబెట్టడం కష్టం

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంటి కరెంటు గాని, మోటారు కరెంటు గాని నేరుగా కంచె తీగకు ఇవ్వకండి. అది ఏనుగునూ చంపుతుంది, పక్క రైతునూ, మీ ఇంట్లోవాళ్లనూ చంపుతుంది. 2023 మేలో మన్యం జిల్లా భామిని మండలంలో కరెంటు తగిలి ఒకేసారి నాలుగు ఏనుగులు చనిపోయాయి. ఏనుగు వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. మనిషి చనిపోతే ఆ కేసు వేరే.

సోలార్ కంచె పని తీరు వేరు. ప్యానెల్ 12 వోల్టుల బ్యాటరీని నింపుతుంది. ఎనర్జైజర్ అనే పెట్టె ఆ కరెంటును సుమారు సెకనుకు ఒకసారి, చాలా తక్కువ సమయం పాటు, వేల వోల్టుల దెబ్బగా తీగలోకి పంపుతుంది. గట్టిగా కొడుతుంది, కానీ పట్టి ఉంచదు, కాబట్టి చంపదు. ఆ తేడా ఎనర్జైజర్ నాణ్యత మీదే ఆధారపడి ఉంది. ఐఎస్ఐ ప్రమాణానికి తగ్గట్టు చేసిందే కొనండి. ఊళ్లో ఎలక్ట్రీషియన్ కట్టి ఇచ్చింది వద్దు.

నేల మీద నాలుగైదు వరసల తీగలు లాగే పాత రకం కంటే వేలాడే కంచె ఏనుగుల విషయంలో మేలు. స్తంభాలు సుమారు 15 అడుగుల ఎత్తున ఉంటాయి. పైన లాగిన తీగ నుంచి సన్నని తీగలు రెండు మూడు అడుగులకొకటి చొప్పున కిందికి వేలాడుతూ, నేలకు మూడు నాలుగడుగుల ఎత్తున ఆగుతాయి. కింద గడ్డి పెరిగినా అంటదు, పశువులు, మనుషులు కింద నుంచి వెళ్లవచ్చు. ఏనుగు తొండం, నుదురు, ఒళ్లు ఎక్కడ పెట్టినా తగులుతుంది. స్తంభాన్ని కూడా వేలాడే తీగలతో కప్పాలి. లేకపోతే మగ ఏనుగు స్తంభాన్నే తోసేస్తుంది. దంతానికి షాక్ తగలదు, ఆ సంగతి ఏనుగు త్వరగానే నేర్చుకుంటుంది. నేల రకం కంచెను దంతాలతో తెంచేది అందుకే.

కంచె ఫలించకపోవడానికి మొదటి కారణం ఎర్తింగ్. తీగను తాకిన ఏనుగు ఒంటి మీదుగా, నేల మీదుగా కరెంటు మళ్లీ ఎనర్జైజర్‌కు చేరితేనే దెబ్బ తగులుతుంది. కనీసం మూడు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రాడ్లు, ఒక్కొక్కటి ఆరడుగుల లోతున, పది అడుగుల ఎడంగా, తడి నిలిచే చోట దించండి. ఇంటి కరెంటు ఎర్త్‌కు దూరంగా ఉండాలి. ఎండాకాలంలో రాడ్ల దగ్గర వారానికి రెండుసార్లు నీళ్లు పోయాలి. రాయలసీమ ఎర్ర నేల ఎండితే ఎర్త్ చచ్చిపోతుంది, వోల్టు మీటరు మాత్రం బాగానే చూపిస్తుంది. కంచె తాకిన ఏనుగు ఏమీ తగలక లోపలికి వస్తుంది, "సోలార్ కంచె వేస్ట్" అని ఊరు తేల్చేస్తుంది. పరీక్ష ఇలా: ఎనర్జైజర్ ఆపి, వంద మీటర్ల దూరంలో తీగకు ఇనుప కడ్డీలు ఆనించి నేలకు షార్ట్ చేయండి. మళ్లీ ఆన్ చేసి, చివరి ఎర్త్ రాడ్ మీద కంచె మీటరుతో చూడండి. 300 వోల్టులు దాటితే రాడ్లు చాలవు, ఇంకొకటి దించాలి.

రెండో కారణం మొక్కలు. వేలాడే కంచెకు కూడా పక్క చెట్ల కొమ్మలు, తీగ జాతి మొక్కలు తగులుతాయి. రెండు వైపులా ఆరడుగులు శుభ్రంగా ఉండాలి. పక్కన ఉన్న పెద్ద చెట్లను ఏనుగు కంచె మీదికి తోసి తెంచి దాటుతుంది. ఆ చెట్లు అటవీ భూమిలో ఉంటే మీరు కొట్టకూడదు, కంచె గీతనే జరపాలి.

మూడోది బ్యాటరీ. ప్యానెల్ మీద దుమ్ము వారానికోసారి తుడవకపోతే, డిస్టిల్డ్ వాటర్ నెలకోసారి చూడకపోతే వానాకాలం రెండో నెలలో కంచె అర్ధరాత్రికి ఆరిపోతుంది. రోజూ సాయంత్రం ఐదుకు, కంచె చివరి కొసన మీటరు పెట్టి చూడాలి. మొదట్లో పెట్టి చూస్తే ఉపయోగం లేదు. చివరన 5 కిలోవోల్టులకు తగ్గితే ఆ సాయంత్రమే లీకు వెతకాలి. సగం సగం విడదీసి చూస్తూ పోతే త్వరగా దొరుకుతుంది. అందుకే అర కిలోమీటరుకొక కటాఫ్ స్విచ్ ముందే పెట్టించండి.

ఈ పనులన్నీ చేసే మనిషి ఎవరు? సబ్సిడీతో వచ్చిన కంచెలు రెండేళ్లలో ఇనుప చువ్వలుగా మిగిలిపోవడానికి కారణం ఈ ప్రశ్నకు ఊరు జవాబు చెప్పకపోవడమే. కంచె వేసే ముందే ఎకరాకు ఇంత అని ఏడాది చందా నిర్ణయించి, ఒక మనిషికి నెల జీతం ఇచ్చి, మీటరు రీడింగు పుస్తకంలో రాయించండి. చందా ఒప్పుకోని ఊళ్లో కంచె వేయకపోవడమే మేలు. పనిచేయని కంచెను రెండుసార్లు దాటిన ఏనుగు, బాగుచేశాక కూడా దాన్ని దాటడానికి చూస్తుంది.

చివరిగా, పుస్తకంలో రాసుకున్న ఏనుగు దారికి అడ్డంగా కంచె లాగవద్దు. ఊరినో, పంట చేల గుంపునో చుట్టాలి, అడవిని కాదు. దారి మూస్తే గుంపు పక్క ఊళ్లో చిక్కుకుని అక్కడ మనుషుల మీద పడుతుంది.

7. కందకం, మిరప పొగ, తేనెటీగలు

కందకం మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు ఉండాలి. గట్టి బంక నేలలో నిలుస్తుంది. ఇసుక నేలలో అంచులను ఏనుగు ముందు కాళ్లతో తన్ని, పడిన మట్టి మీద నుంచి దాటుతుంది. రాతి నేలలో లోతు రాదు. వాగు దగ్గర ఎలాగూ తెరిచే ఉంటుంది, ఏనుగు నేరుగా అక్కడికే పోతుంది. ఏటా వానల తర్వాత పూడిక తీసే డబ్బు లేకపోతే కందకం మాట ఎత్తకండి.

మిరప పొగకు ఎండు మిరప పొడి ఒక పాలు, పశువుల పేడ రెండు పాళ్లు కలిపి ఇటుకల్లా చేసి బాగా ఎండబెట్టాలి. ఏనుగు వచ్చే వైపు గాలి వీస్తున్నప్పుడు చేను అంచున నిప్పుల మీద పెడితే గంటల తరబడి ఘాటైన పొగ వస్తుంది. గాలి తిరిగితే మీ మీదికే వస్తుంది, వాన పడితే ఆరిపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు, పిల్లలు దగ్గర ఉండకూడదు. కాపలాకు తోడుగా వాడుకోవచ్చు, దాన్నే నమ్ముకుని పడుకోకూడదు.

తేనె పెట్టెల కంచె కెన్యాలో బాగా పనిచేసింది. మన దేశంలో ఖాదీ కమిషన్ 2021లో కర్ణాటకలోని కొడగులో దాన్ని మొదలుపెట్టింది. మన తేనెటీగ ఆఫ్రికా తేనెటీగ అంత కోపిష్టి కాదు, రాత్రి పెద్దగా కదలదు, ఏనుగు వచ్చేదేమో రాత్రి. తేనె ఆదాయం కోసం పెట్టుకోండి. ఏనుగుకు అదొక్కటే అడ్డు అనుకోకండి.

8. రాత్రి కాపలా, తరమడం

మంచె నేల మీద గుడిసెలా ఉండకూడదు. ఏనుగు అందుకోలేనంత ఎత్తున, అది తోయలేనంత లావు చెట్టు మీద ఉండాలి. ఒక్కో మంచె మీద ముగ్గురు, మూడు గంటలకొకసారి వంతు మారాలి. ఒకరు నిద్రపోతే ఇంకొకరు మేలుకుని ఉండాలి. పక్క మంచె వాళ్లతో గంటకోసారి ఫోన్ మాట. మంచె దిగి ఏనుగు వైపు నడవకూడదు. చప్పుడు, వెలుతురు పై నుంచే.

తరమడం అటవీ ట్రాకర్ల పని, వాళ్లు ముందుండాలి. మీరు సాయం చేసేటప్పుడు మూడు సంగతులు చూడండి: ఏనుగుకు అడవి వైపు దారి తెరిచి ఉందా, ఆ దారిలో ఉన్న పక్క ఊరికి కబురు అందిందా, గుమిగూడిన జనాన్ని వెనక్కి పంపారా. నాలుగు వైపులా చుట్టుముడితే ఏనుగుకు మిగిలేది మనిషి మీదికి రావడమే. పగలు తోటలో నిలబడిపోయిన ఏనుగును రెచ్చగొట్టకండి. సాయంత్రం దాకా దాన్ని అక్కడే వదిలేసి, చుట్టూ మనుషులు రాకుండా చూడటమే సరైన పని. వీడియో కోసం యాభై అడుగుల దాకా పోయే కుర్రాళ్లను ఆపడం పెద్దల బాధ్యత.

కాలుతున్న టైరు, పెట్రోలు గుడ్డ, నాటు బాంబు, రాళ్లు అసలే వద్దు. 2021లో తమిళనాడులోని మసినగుడిలో మండే టైరు విసిరితే కాలిన గాయాలతో ఒక ఏనుగు చనిపోయింది. గాయపడి బతికిన ఏనుగు మరీ ప్రమాదం, నొప్పితో అది ఎవరినైనా తరుముతుంది. టపాసులు కూడా రోజూ కాలిస్తే వారానికి అలవాటైపోతాయి. అవసరానికే, ట్రాకర్ చెప్పినప్పుడే వాడండి.

పదే పదే ప్రాణాలు తీసే ఏనుగు ఉంటే కుంకీల, అంటే శిక్షణ ఇచ్చిన పెంపుడు ఏనుగుల, సాయం అడగవచ్చు. కర్ణాటక 2025 మేలో ఆంధ్రప్రదేశ్‌కు నాలుగు కుంకీ ఏనుగులను ఇచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటి శిబిరం ఉంది. దారి చూపి గుంపును అడవిలోకి మళ్లించడం, పట్టుకోవాల్సిన ఏనుగును అదుపు చేయడం వాటి పని. మీ పొలానికి రోజూ కాపలా కాయవు.

9. ఎదురుపడితే

వంద మీటర్ల దూరం తగ్గకూడదు. దగ్గరగా కనిపిస్తే అరవకుండా, వీపు చూపకుండా మెల్లగా వెనక్కి నడవండి. పిడికెడు దుమ్ము వదిలి గాలి ఎటో చూసి, మీ వాసన దానికి చేరని వైపు తప్పుకోండి. చెవులు విప్పి, తల ఎత్తి, ఘీంకరిస్తూ రెండడుగులు ముందుకు వచ్చి ఆగితే చాలాసార్లు బెదిరింపు. తొండం లోపలికి ముడిచి, చెవులు వెనక్కి ఆనించి, చప్పుడు లేకుండా వస్తే నిజంగానే వస్తోంది. పరుగులో దాన్ని గెలవలేరు. తువాలో, సంచో, గొడుగో పడేసి పోండి. దాన్ని వాసన చూడటానికి అది ఆగితే మీకు కొన్ని క్షణాలు దొరుకుతాయి. బండరాళ్ల సందులోకో, లావు చెట్టు వెనక్కో, పక్కా ఇంట్లోకో చేరాలి.

బండి మీద ఉంటే దూరంగానే ఆపి తిరిగి వెళ్లిపోండి. హారన్ కొట్టడం, హైబీమ్ కళ్లలో వేయడం వద్దు. ఒకటి రోడ్డు దాటిందంటే వెనక ఇంకా ఉంటాయనే అనుకోవాలి. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర చిత్తూరు-బెంగళూరు హైవే మీద వాహనం ఢీకొని మూడు ఏనుగులు చనిపోయాయి. సాయంత్రం తర్వాత ఆ ముక్కలో వేగం తగ్గించడం లారీ నడిపేవాళ్లకూ మంచిదే.

ఎవరైనా గాయపడితే ముందు ఏనుగు పోయిందో లేదో దూరం నుంచి చూసుకోండి. కాపాడబోయిన రెండోవాళ్లు చనిపోకూడదు. 108కు ఫోన్ చేయండి. ఛాతీ, నడుము నలిగినవాళ్లను భుజాన వేసుకుని మోయకుండా మంచం మీదో, పలక మీదో కదలకుండా తీసుకురావాలి.

10. బావులు, తీగలు

వాడని నేల బావులకు మూడడుగుల గోడ కట్టండి, లేదా ఒక వైపు వాలుగా మట్టి కోసి ఉంచండి. పిల్ల ఏనుగు పడితే గుంపు ఆ చోటు వదలదు, ఊరు బయటికి రాలేదు. కిందికి వేలాడే కరెంటు తీగలు, కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కడున్నాయో అదే నోటు పుస్తకంలో రాసి, లైన్‌మన్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు అటవీ రేంజ్ ఆఫీసుకు ఇవ్వండి.

11. నష్టం జరిగాక

తొక్కిన చేను తనిఖీ అయ్యేదాకా దున్నవద్దు, శుభ్రం చేయవద్దు. అదే రోజు ఫోన్‌లో తేదీ, లొకేషన్ పడే ఫొటోలు తీయండి: అడుగు అచ్చు పక్కన చెప్పు పెట్టి ఒకటి, లద్దె ఒకటి, విరిగిన పంట దగ్గరగా ఒకటి, చేను మొత్తం కనిపించేలా ఒకటి. బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి, ఆ రోజే రాతపూర్వక దరఖాస్తు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. అటవీ శాఖతో పాటు రెవెన్యూ, వ్యవసాయ లేదా ఉద్యాన సిబ్బంది కలిసి చూస్తే నష్టం లెక్క గట్టిగా నిలుస్తుంది. అడంగల్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు ముందే ఒక కవరులో పెట్టుకోండి.

చాలా దరఖాస్తులు ఆగేది ఈ-పంట నమోదు లేకపోవడం దగ్గరే. వరి అని నమోదై, చేలో చెరకు ఉంటే పరిహారం రాదు. కౌలు రైతులు సాగుదారు హక్కు కార్డు పంట వేసిన మొదటి నెలలోనే తీసుకోవాలి. లేకపోతే పంట పోయినవాళ్లు ఒకరు, డబ్బు అందేది ఇంకొకరికి. పంటల బీమాలో అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఏ జంతువులకు, ఏ ప్రాంతాలకు వర్తిస్తుందో రాష్ట్రం నోటిఫై చేయాలి. అది మీ మండలానికి వచ్చిందో లేదో రైతు సేవా కేంద్రంలో విత్తే ముందే అడగండి. వచ్చి ఉంటే నష్టం జరిగిన 72 గంటల్లోపు యాప్‌లో ఫొటోలతో తెలపాలి.

ప్రాణనష్టం జరిగితే పోలీసు కేసు, పోస్టుమార్టం తప్పనిసరి. వద్దని ఇంటివాళ్లు బాధతో అన్నా ఊరి పెద్దలు నచ్చజెప్పాలి, ఆ రెండు కాగితాలు లేకుండా పరిహారం కదలదు. కేంద్ర పథకం కింద మరణానికి ఇచ్చే మొత్తాన్ని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. వారసుల ధ్రువపత్రానికి తహశీల్దారు ఆఫీసులో ఆ వారమే దరఖాస్తు పెట్టించండి. ఆ ఇంటి ఆడవాళ్లను ఆఫీసుల చుట్టూ ఒంటరిగా తిప్పకుండా, ఊరి నుంచి కాగితాలు తెలిసిన మనిషి ఒకరు పని పూర్తయ్యేదాకా వెంట ఉండాలి.